యంత్రమునకు నిత్యవిధి, మనుష్యునకు నిత్యపరిశీలన

(నారాయణఖేడు గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



గ్రంథాలయమనగా పుస్తకముల బీరువాలును, నాలుగు బల్లలును, దినపత్రికలును మాత్రమే యను కాలము గతించినది. నేడు పల్లెటూరి గ్రంథాలయమునందు సైతము బీరువా ప్రక్కన కంప్యూటరు కనబడుచున్నది. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొను విద్యార్థి దాని యెదుట కూర్చుండును. పింఛను పొందు వృద్ధుడు తాను జీవించియున్నట్లు ప్రమాణపత్రము పంపుటకు దానినే ఆశ్రయించును. రైతు తన సర్వే నంబరు వివరములను దానియందే చూచుకొనును. వీరందరును పని ముగించుకొని ఇంటికి పోవుదురు. కాని వారి ఆధార్ కార్డు ప్రతియు, బ్యాంకు పుస్తకపు మొదటి పుటయు, సంతకపు చిత్రమును పలుమారు ఆ యంత్రములోనే మిగిలిపోవును. పూర్వము గ్రంథాలయమునకు శత్రువులు చెదలును, వర్షపు చెమ్మయు. ఇప్పుడు కంటికి కనబడని చెద వేరొకటి పుట్టినది. అది తినునది కాగితమును కాదు, నమ్మి వచ్చిన పాఠకుని కష్టార్జితమును.

ఆ చెదను కనిపెట్టి తొలగించు పనిని ప్రతిదినము యంత్రముచేతనే చేయించుట ఎట్లు, అట్లు చేయించిన పిమ్మట మనుష్యునకు మిగులు కర్తవ్యమేమి అనునదియే ఈ ఉపన్యాస విషయము.

పరీక్షిన్మహారాజు కథను సభ్యులెల్లరు ఎరుగుదురు. ఏడు దినములలో తక్షకునిచే మరణము కలుగునని శాపము వినినవాడై, ఆ రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, నలుదిక్కుల కావలి నిలిపి, విషవైద్యులను చేరువ నుంచుకొనెను. ఇంత కట్టుదిట్టము చేసినను తక్షకుడు ద్వారము పగులగొట్టుకొని రాలేదు. ఫలములో చిన్న పురుగై వచ్చెను. ఆ ఫలమును లోనికి తెచ్చినవారు కావలివారు అనుమతించిన వారే. నేడు యంత్రములలోనికి చొచ్చు హానికర ప్రోగ్రాముల తీరును ఇట్టిదే. ఈమెయిలుతో వచ్చిన బిల్లు కాగితములోను, మిత్రుడు తెచ్చిన పెన్‌డ్రైవులోను, పెండ్లి పత్రిక పేర సెల్‌ఫోనునకు వచ్చిన ఫైలులోను అది దాగియుండును. అందులో తమంతట తామే ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకు జాతికి ఆంగ్లేయులు పురుగు అను అర్థము గల పేరే పెట్టియున్నారు.

అట్టి పురుగొకటి 2017వ సంవత్సరము మే 12వ తేదీన లోకముపై పడినది. దాని పేరు వన్నాక్రై. అది సోకిన కంప్యూటరులోని ఫైళ్లన్నియు తాళము వేసినట్లై తెరచుకొనవు. మూడువందల డాలర్లు బిట్‌కాయిన్ రూపమున చెల్లించినగాని తాళము తీయబోమని తెరపై హెచ్చరిక వెలయును. కొలది దినములలో నూటయేబది దేశములయందు రెండు లక్షలకు పైగా యంత్రములు దానికి లోబడినవి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలు వేలకొలది రోగులను వెనుకకు పంపవలసి వచ్చినది. తెలుగుదేశమును అది విడువలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన పదునెనిమిది యూనిట్లలోని కంప్యూటర్లు దానివాత పడినట్లు ఆనాటి పత్రికలు ప్రకటించినవి.

ఇందు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ పురుగు చొచ్చిన రంధ్రము విండోస్‌లోనిది. దానిని పూడ్చు అప్‌డేటును మైక్రోసాఫ్టు సంస్థ అదే సంవత్సరము మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. మార్చి 14 మొదలు మే 12 వరకు లెక్కించినచో 59 దినములు. మందు అంగడిలో 59 దినములు ఉచితముగా దొరకుచుండెను, రోగి తెచ్చుకొనలేదు. లోకములో నష్టపడిన వారిలో అధికులు మందు లేక చెడలేదు, తెచ్చుకొను పనిని రేపటికి త్రోసి చెడిరి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లని సామెత. ఇక్కడ కుక్క ముందే మొరిగినది, ఇంటివారు లేవలేదు.

ఏల లేవలేదని ప్రశ్నించినచో, అది మనుష్య స్వభావమనియే చెప్పవలయును. భారతము అరణ్యపర్వములోని నలోపాఖ్యానము ఈ సంగతిని చక్కగా బోధించును. నలుని ఆవేశింపదలచిన కలి పండ్రెండేండ్లు కాచుకొనియుండెను. పుణ్యశ్లోకుడగు నలునియందు ఒక్క లోపమును కానరాలేదు. ఒకనాడు మాత్రము పాదములు కడుగుకొనుట మరచి ఆ రాజు సంధ్య కుపక్రమించెను. కలికి ఆ యొక్క సందు చాలినది. పండ్రెండేండ్ల నియమము ఒక దినపు మరపును కాపాడలేకపోయినది. శత్రువునకు ప్రతిదినము గెలువ నక్కరలేదు. ఒక్క దినము దొరికిన చాలును. రక్షించువాడు మాత్రము ప్రతిదినము తప్పకుండవలయును. నలునంతవాడే ఒకనాడు మరచినప్పుడు, పుస్తకముల జమాఖర్చులతోడను, సభ్యుల చందాలతోడను, పత్రికల లెక్కలతోడను తలమునకలగు గ్రంథపాలకుడు మరచుటలో వింతయేమి?

కనుకనే మరపు లేని యంత్రమునకు ఆ నిత్యకర్మను అప్పగించుట మేలు. అప్పగించు సాధనమునకు స్క్రిప్టు అని పేరు. స్క్రిప్టనగా మరేమియు కాదు. చేయవలసిన పనులను ఒకదాని క్రింద ఒకటిగా యంత్రమునకు తెలియు భాషలో వ్రాసిన చీటి. దానిని ఏ వేళ చదివి అమలు జరుపవలయునో చెప్పుటకు వేరొక కావలి కలదు. విండోస్‌లో దానిని టాస్క్ షెడ్యూలర్ అందురు. లినక్స్, యూనిక్స్ జాతి యంత్రములలో దాని పేరు క్రాన్. ఈ క్రాన్ నేటిది కాదు. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులోనే అది యున్నది. క్రాన్ పట్టికలో ప్రతి పంక్తికి ముందు అయిదు గడులుండును: నిమిషము, గంట, తేదీ, నెల, వారము. ఇదియొక పంచాంగమే. 30, 13, నక్షత్రపు గుర్తు, నక్షత్రపు గుర్తు, 3 అని వ్రాసినచో, ప్రతి బుధవారము మధ్యాహ్నము ఒంటిగంట ముప్పది నిమిషములకు ఆ పని జరుగునని అర్థము. నక్షత్రపు గుర్తు గల గడి ఏ తేదీకైనను, ఏ నెలకైనను చెల్లును. వారములను ఆదివారము సున్నగా లెక్కింతురు గనుక బుధవారము మూడవ అంకె.

చీటిలో వ్రాయవలసిన పనుల క్రమమిది. మొదట ఆనాటి తేదీని, వేళను ఒక దినచర్య ఫైలులో వ్రాయవలయును. పిదప ఇంటర్నెట్టు కలదో లేదో చూడవలయును. అటు పిమ్మట వైరసుల గుర్తుల పట్టికను క్రొత్తది తెచ్చుకొనవలయును. పాత పట్టికతో వెదకుట నిరుటి దొంగల జాబితాతో ఈ యేటి దొంగను వెదకుటయే. తరువాత ఫైళ్లను వెదకవలయును. ఆపైన విండోస్‌కును, ఇతర ప్రోగ్రాములకును వచ్చిన అప్‌డేట్లను దింపుకొని అమర్చవలయును. తుదకు ప్రతి పనియు ఫలించెనో లేదో దినచర్యలో వ్రాసి ముగింపవలయును. గుర్తుల పట్టిక తెచ్చుట ప్రతిదినము. సమగ్రముగా వెదకుట వారమున కొకమారు. అప్‌డేట్ల విషయములో మైక్రోసాఫ్టు సంస్థ నెలలో రెండవ మంగళవారమును నియమముగా పాటించుచున్నది. అమెరికాలో ఆనాటి ప్రొద్దు భారతదేశమున రాత్రి గనుక, ఆ మరునాటి బుధవారమే ఇక్కడివారికి తగిన దినము.

ఇంతవరకు చెప్పినది ఏ పుస్తకమునందైనను దొరకును. పల్లెటూరి సంగతి వేరొకటి కలదు. పట్టణములలోని వారు వ్రాసిన చీటీలలో సాధారణముగా రాత్రి రెండుగంటల వేళ నియమింపబడి యుండును. ఆ వేళ యంత్రమునకు వేరు పని యుండదని వారి భావము. కాని గ్రామ గ్రంథాలయములో సాయంకాలము తలుపులు మూయునప్పుడు కంప్యూటరును, దాని మీటను కూడ ఆర్పివేయుదురు. ఆరిన యంత్రము రాత్రి రెండుగంటలకు ఏమి చేయును? క్రాన్‌కు తప్పిన ముహూర్తము తప్పినదే. మరునాడు దానిని జ్ఞాపకముంచుకొని చేయదు. ఇట్లు నియమము వ్రాసియు, ఒక్కనాడును జరుగక, నెలలు గడచిపోవుటకు అవకాశము కలదు. చూచువారు మాత్రము అంతయు నడచుచున్నదనియే తలంతురు. దీనికి రెండుపాయములు. మొదటిది, గ్రంథాలయము తెరచియుండు వేళనే ముహూర్తము పెట్టుట. రెండవది, తప్పిన పనిని యంత్రము మేల్కొనిన పిమ్మట చేయు ఏర్పాటు. లినక్స్‌లో అనాక్రాన్ అను ప్రోగ్రాము ఈ పని చేయును. టాస్క్ షెడ్యూలర్‌లో సైతము తప్పిన పనిని వీలైనంత త్వరగా జరుపుమను గడి యొకటి కలదు. దానిని గుర్తు పెట్టిన చాలును.

ఇక లెక్క సరిచూచుకొనుటను గూర్చి. ప్రతి ప్రోగ్రామును పని ముగించి పోవుచు ఒక అంకెను విడిచిపోవును. వాడుకలో సున్న యనగా క్షేమము. క్లామ్ ఏవీ అను ఉచిత వైరసు నివారణ ప్రోగ్రామును ఉదాహరణముగా తీసికొనవచ్చును. వెదకగా ఏమియు దొరకనిచో అది 0 అని చెప్పును. వైరసు దొరకినచో 1 అనును. వెదకుటయే సాగక లోపము కలిగినచో 2 అనును. ఈ మూడింటికిని భేదమెంత గొప్పది! రాత్రి గస్తీ తిరిగివచ్చిన కావలివాడు దొంగ కనబడలేదని చెప్పుట వేరు, కనబడెనని చెప్పుట వేరు, వీధికి తాళము వేసియుండుటచే గస్తీయే తిరుగలేదని చెప్పుట వేరు. శ్రద్ధ లేని చీటి ఈ మూడింటిని పరిశీలింపక, పని ముగిసినదని మాత్రము వ్రాసి ఊరకుండును. గస్తీ తిరుగని రాత్రిని దొంగ లేని రాత్రిగా లెక్కవేయుట కంటె అపాయకరమగు లెక్క మరొకటి లేదు. కనుక చీటి వ్రాయువారు ఆ అంకెను తప్పక దినచర్యలో చేర్పించవలయును.

ఇంతకంటె మోసకరమగు మౌనము మరియొకటి కలదు. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. గృహస్థుల యంత్రములకు ప్రత్యేకముగా నమోదు చేసికొనినచో 2026 అక్టోబరు 13వ తేదీ వరకు రక్షణ అప్‌డేట్లు లభించునట్లు ఆ సంస్థ ఏర్పాటు చేసెను. నమోదు చేసికొనని పాత యంత్రములో స్క్రిప్టు ప్రతి బుధవారము నియమము తప్పక లేచును. అప్‌డేట్ల కొరకు వెదకును. విండోస్ కొరకు క్రొత్తవి యేమియు లేవని తిరిగివచ్చును. దినచర్యలో దోషము కానరాదు. కాని ఆ మాటకు అర్థము రంధ్రములు లేవని కాదు, పూడ్చువాడు పోయెనని. వైరసుల గుర్తుల పట్టిక మాత్రము 2028 అక్టోబరు వరకు వచ్చునని సంస్థ ప్రకటించియుండుటచే భ్రాంతి మరింత పెరుగును. గోడ కూలుచున్న ఇంటికి కావలివాని కంటిచూపు బాగుండిన నేమి లాభము? ఈ భేదమును స్క్రిప్టు ఎరుగదు. మనుష్యుడే ఎరుగవలయును.

అప్‌డేటు వచ్చిన తక్షణమే అన్ని యంత్రములకును ఒక్కమారుగా వేయుట మంచిదేనా యను సందేహమునకు 2024 జూలై 19వ తేదీ జవాబు చెప్పినది. ఆనాడు క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ తన ప్రోగ్రామునకు స్వయముగా దిగు అప్‌డేటు నొకదానిని పంపినది. అది భారత కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు బయలుదేరి, 10 గంటల 57 నిమిషములకు ఉపసంహరింపబడినది. ఆ 78 నిమిషములలోనే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెరపై నిలిచిపోయినవి. కారణమేమనగా, ఇరువది గడుల వివరములకు సిద్ధపడియున్న ప్రోగ్రామును ఇరువదియొకటవ గడిలోని వివరము చదువుమని కోరుట. పట్టికలో ఒక్క గడి తేడా! విమానములు ఆగినవి. హైదరాబాదునుండి కలకత్తా పోవు ప్రయాణికునకు విమాన సంస్థవారు చేతితో వ్రాసి ఇచ్చిన బోర్డింగు చీటి చిత్రము లోకమంతట ప్రచారమైనది. చెడిన యంత్రములలో పెక్కింటిని బాగుచేయుటకు మనుష్యుడొకడు ఒక్కొక్క యంత్రము చెంతకు పోయి, సురక్షిత పద్ధతిలో తెరచి, ఆ చెడ్డ ఫైలును చేతితో తీసివేయవలసి వచ్చినది.

ఒక వైపున 59 దినముల ఆలస్యము. మరియొక వైపున 78 నిమిషముల తొందర. ఈ రెండింటి నడుమ త్రోవ యొకటి కలదు. చెరువు నిండినప్పుడు తెలివిగల నీరటి తూము నొక్కమారుగా ఎత్తడు. కొంచెము ఎత్తి కాలువ నిలుచునో లేదో చూచి, పిదప నీరు విడుచును. గ్రంథాలయములో మూడు కంప్యూటర్లున్నచో అప్‌డేటును బుధవారము ఒకదానికే వేయవలయును. అది రెండు దినములు సుఖముగా నడచినచో శుక్రవారము తక్కినవానికి వేయవలయును. రెండు దినముల ఎడము పరీక్షకు చాలును. అత్యవసరమని ప్రభుత్వ సంస్థయగు సర్ట్-ఇన్ హెచ్చరించినప్పుడు మాత్రము ఆ రెండు దినములును ఆగరాదు. ఈ సంస్థ 2004 నుండి పనిచేయుచున్నది. దాని ఆధ్వర్యమున 2017 ఫిబ్రవరిలో ఏర్పడిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము యంత్రములను శుభ్రపరచు సాధనములను ఉచితముగా అందించుచున్నది.

మరి రెండు జాగ్రత్తలు. నిత్యకర్మ నడుపు స్క్రిప్టునకు యంత్రముపై సర్వాధికారము ఇయ్యవలసి వచ్చును. అట్టి చీటిని ఎవరైనను దిద్దగలిగినచో, వారే ఆ యంత్రమునకు యజమానులగుదురు. కావున దానిని మార్చు అధికారము ఒక్కరికే యుండవలయును. రహస్యపదములను దానిలో ఎన్నడును వ్రాయరాదు. రెండవది, ఎంత కాపాడినను ఒకనాడు యంత్రము చెడవచ్చును గనుక, సభ్యుల పట్టిక, పుస్తకముల జాబితా మొదలగువాని ప్రతిని వేరొక డిస్కులోనికి స్క్రిప్టుచేతనే తీయించి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో నుంచవలయును. తగిలించియుంచిన డిస్కునకు సైతము వన్నాక్రై వంటి పురుగు తాళము వేయగలదు. మూడు నెలలకొకమారు ఆ ప్రతి తెరచుకొనుచున్నదో లేదో చూడవలయును. తెరచి చూడని ప్రతి, తూచి చూడని ధాన్యము వంటిది.

ఈ ప్రాంతమునకు లెక్కల విలువ క్రొత్తగా చెప్పనక్కరలేదు. నారాయణఖేడు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది. పిదప మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. రాష్ట్రములు మారినవి, జిల్లాలు మారినవి, దఫ్తరుల భాషలు మారినవి. భూమి మాత్రము కదలలేదు. దాని హద్దును చెప్పు పహాణీ నిలిచినది. ఏటేట పొలము గట్టునకు పోయి, వ్రాసిన పైరును మొలచిన పైరుతో సరిపోల్చి చూచినవారుండిన చోట్ల ఆ లెక్క సత్యమై నిలిచినది. చూడక వ్రాసిన చోట్ల తగవులు పుట్టినవి. ఆ లెక్కలు కంప్యూటరులోనికి ప్రవేశించినవి. 2020 అక్టోబరులో ధరణియు, 2025 ఏప్రిల్‌లో భూభారతియు వచ్చినవి. వ్రాయు చేయి మారినది. సరిచూచు కన్ను మారరాదు.

కావున గ్రంథాలయమునకు ఒక చిన్న సూచన. స్క్రిప్టు తన దినచర్యను యంత్రములో వ్రాసికొనుగాక. గ్రంథపాలకుని బల్లపై నూరు పుటల నోటుపుస్తక మొకటి యుండవలయును. ఉదయము తలుపులు తెరచి యంత్రము వేయగానే, నిన్నటి దినచర్యను చదివి, మూడు మాటలు దానిలో వ్రాయవలయును: వెదకుట జరిగెనా, అంకె ఎంత, క్రొత్త అప్‌డేటు వచ్చెనా. దినచర్యలో నిన్నటి తేదీయే లేకున్నచో దానిని క్షేమమని కాక లోపమని ఎర్రసిరాతో గుర్తింపవలయును. ఇందులకు పట్టునది రెండు నిమిషముల కాలము. తెలుగు చదువ నేర్చిన విద్యార్థి సైతము వంతుల వారిగా ఈ పని చేయగలడు. చేయుచు చేయుచు విద్యయు నేర్చుకొనగలడు.

యంత్రము అలసిపోదు, మరచిపోదు. అది దాని గుణము. తాను తప్పితినని దానికి తోచదు. అది దాని దోషము. మనుష్యుడు మరచును, కాని తప్పు జరిగెనని శంకింపగలడు. మరువని దానికి పనిని, శంకింపగల వానికి పరిశీలనను అప్పగించినచోట కలి ప్రవేశించుటకు సందు దొరకదు. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను చెదలనుండి కాపాడిన చేతులు, తన్ను నమ్మి వచ్చిన పాఠకుల వివరములను సైతము అంతటి శ్రద్ధతో కాపాడుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొనుచు దినదినాభివృద్ధి పొందుగాక.

శుభమస్తు.